రహదారులకు చికిత్స చేసిన వైద్యుడు: డాక్టర్ విలియం హాడన్

రహదారిపై ఒక ప్రాణం పోగానే తప్పెవరిదని లోకం అడుగుతుంది. డ్రైవరును నిందించి, పోయినవారి నుదుటి వ్రాత అంతేనని నిట్టూర్చి, అందరూ ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకు అదే మలుపులో మరొకరు బలి అవుతారు. నిందతోనే ముగిసిపోయే ఈ ఆలోచనను మార్చి, ప్రాణం పోవడానికి కారణాలేమిటి, వాటిని ఎక్కడెక్కడ అడ్డగించవచ్చును అని శాస్త్రీయంగా ప్రశ్నించిన మహనీయులలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు వైద్యుడు డాక్టర్ విలియం హాడన్.

హాడన్ 1926లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో జన్మించారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టభద్రులై, 1953లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టాను, 1957లో అక్కడనే ప్రజారోగ్యశాస్త్రంలో ఉన్నత పట్టాను పొందారు. సాంకేతిక విద్య, వైద్యవిద్య ఒకే వ్యక్తిలో సంగమించడం ఆయన జీవితకృషికి పునాది అయినది. న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలో చేరిన పిమ్మట ఆయన దృష్టి రహదారి మరణాలపైకి మళ్ళింది.

మాన్‌హట్టన్‌లో వాహనాలు ఢీకొని మరణించిన పాదచారులను గూర్చి ఆయన తన సహచరులతో జరిపిన పరిశోధన 1961లో వెలువడింది. పరిశోధకులు ప్రమాదం జరిగిన చోటికే, అదే వారంనాడు, అదే వేళకు మరల వెళ్ళారు. ఆ దారిన నడిచిపోయేవారి వివరాలు సేకరించి, వారి శ్వాసను పరీక్షించి, మృతుల వివరాలతో పోల్చి చూశారు. మృతులలో వృద్ధులు, అతిగా మద్యం సేవించినవారు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అంటువ్యాధి మూలాన్ని వెదకే పద్ధతిలోనే రహదారి మరణాన్ని కూడ పరిశీలించవచ్చునని ఈ కృషి నిరూపించింది. మద్యపానం వలని ముప్పును ఇంత స్పష్టంగా చూపిన హాడన్, మనుషులకు బుద్ధి చెప్పడంతోనే సమస్య తీరుతుందని మాత్రం ఏనాడూ నమ్మలేదు.

మలేరియాకు దోమ వాహకమైనట్లే, గాయానికి వేగంగా పోయే వాహనం వాహకమని ఆయన భావించారు. దేహాన్ని గాయపరచేది శక్తి. ఆ శక్తి శరీరం ఓర్వగలిగినదానికన్న మించి, ఒక్క క్షణంలో, ఒక్కచోట తాకినప్పుడే ఎముక విరుగుతుంది, ప్రాణం పోతుంది. అదే శక్తిని కొంత ఆలస్యంగా, విశాలమైన భాగంపై పడేటట్లు చేయగలిగితే మనిషి బ్రతుకుతాడు. పింగాణీ పాత్రలను దూరప్రాంతానికి పంపేవారు పెట్టె ఎన్నడూ క్రింద పడదని అనుకోరు. పడినా పాత్రలు పగలకుండ పొట్టు నింపి పంపుతారు. మనుషులను మోసే వాహనానికి ఆపాటి జాగ్రత్త ఎందుకు ఉండరాదన్నదే ఆయన వాదం.

ఈ ఆలోచనకు ఆయన ఇచ్చిన రూపమే నేటికీ ప్రపంచమంతట బోధిస్తున్న హాడన్ పట్టిక. ప్రమాదానికి ముందు, ఆ క్షణంలో, ఆ తరువాత అని మూడు దశలు. మనిషి, వాహనం, పరిసరం అని మూడు అంశాలు. వెరసి తొమ్మిది గడులు. ముందు దశలో డ్రైవరు చూపు, వాహనపు బ్రేకులు, మలుపు స్పష్టంగా కనిపించడం. ఢీకొన్న క్షణంలో సీటు బెల్టు, రొమ్మును చీల్చకుండ లోనికి ముడుచుకొనే స్టీరింగు, అంచున రక్షణ కంచె. తరువాతి దశలో ప్రథమ చికిత్స, ఇంధనం అంటుకోకుండ ఏర్పాటు, సకాలంలో అందే అంబులెన్సు. ఒక గడిలో లోపం జరిగినా మరొక గడిలో ప్రాణం నిలబెట్టవచ్చును.

1966లో అమెరికా రహదారులపై 50 వేలమందికి పైగా మరణించారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో వాహన భద్రతకు, రహదారి భద్రతకు రెండు చట్టాలు వెలువడగా, వాటి అమలుకు ఏర్పడిన సంస్థకు హాడన్ తొలి అధిపతి అయ్యారు. సీటు బెల్టులు, గట్టి తలుపు గడియలు, ముడుచుకొనే స్టీరింగు, ఒక భాగం చెడినా మరొకటి పనిచేసే బ్రేకులు మొదలైనవి 1968 జనవరి 1 నుండి క్రొత్త కార్లకు తప్పనిసరి అయినవి. ఇవి మోయరాని భారమని ఉత్పత్తిదారులు, చాలనంత సడలింపు ఇచ్చారని రాల్ఫ్ నాడర్ వంటి వినియోగదారుల పక్షపాతులు, ఇరువైపులా విమర్శించారు. నడుమ నిలిచిన హాడన్ తన పని తాను చేసుకుపోయారు.

1969లో ప్రభుత్వ పదవి వదలి, బీమా సంస్థలు నెలకొల్పిన రహదారి భద్రతా సంస్థకు అధ్యక్షులై చివరివరకు కొనసాగారు. ప్రమాదం అనే మాట విధిని స్ఫురింపజేసి మనిషి ప్రయత్నాన్ని నీరుగారుస్తుందని ఆ మాటను వాడడానికే ఆయన ఒప్పుకొనేవారు కారు. శుద్ధిచేసిన మంచినీరు త్రాగేవానిని ఏ ప్రయత్నమూ కోరకుండనే కాపాడినట్లు, వాహనంలోని రక్షణ దానంతటదే పనిచేయాలని, గాలిసంచుల కోసం ఏళ్ళ తరబడి వాదించారు. 1985 మార్చిలో తన 58వ ఏట పరమపదించారు. అమెరికాలో 1998 నమూనా నుండి అన్ని క్రొత్త కార్లకు ముందు సీట్ల గాలిసంచులు తప్పనిసరి కావడాన్ని ఆయన చూడలేకపోయారు. అయితే ఆయన మరణించిన ఏడాది నాటికే, వాహనాలు ఏటా తిరిగే దూరం 1966 నాటికి దాదాపు రెట్టింపైనా, మరణాల సంఖ్య 44 వేలలోపునకు దిగివచ్చింది. ఈ ఫలితంలో అనేకుల పాలున్నా, దారి చూపినవారిలో ఆయన ప్రథములు.

మన దేశంలో 2022లో ఒక్క ఏడాదిలోనే 1 లక్షా 68 వేలకు పైగా రహదారి మరణాలు నమోదైనాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, ప్రమాణాలు పాటించక రహదారిని నిర్మించినవారిని కూడ బాధ్యులను చేసింది. 2023లో క్రొత్త కార్లను ఢీకొట్టించి పరీక్షించి, భద్రతను బట్టి నక్షత్రాలిచ్చే విధానం ఆరంభమైనది. ఇవి హాడన్ నడిచిన బాటలోని అడుగులే.

బడిగంట మ్రోగగానే పిల్లలు పరుగెత్తుతారు. ఎంత చెప్పినా ఒక్కొక్కప్పుడు మరచిపోతారు. వారికి జాగ్రత్తలు నేర్పడం పెద్దల ధర్మమే. కాని వారు మరచిన ఆ ఒక్క క్షణంలో వారిని కాపాడవలసినవి బడి ముందరి వేగనిరోధకం, నడకబాట, నెమ్మదిగా వచ్చే వాహనం. పసివారి చిన్న పొరపాటుకు ప్రాణమే మూల్యం కారాదన్నది ఈ వైద్యుని జీవితం నేర్పే పాఠం.