స్వరాలకు పేర్లు పెట్టిన సన్యాసి

మనకు సరిగమలు ఎలాగో పాశ్చాత్య బృందగాయకులకు దో, రే, మీ, ఫా అలాగు. వీటికి మూలపురుషుడు గ్విడో అనే ఇటలీ క్రైస్తవ సన్యాసి.

సుమారు 991లో జన్మించిన గ్విడో, పొంపోసా మఠంలో గాయకులకు పాట నేర్పేవారు. ఆ రోజుల్లో ప్రతి పాటా విని కంఠస్థం చేయవలసిందే. అందుకు ఏళ్ళు పట్టేది. ఆయన గీతలపై స్వరాలు గుర్తించే పద్ధతి ఏర్పరచి, వినని పాటను సైతం చూచి పాడించారు. మెచ్చుకోవలసిన తోటి సన్యాసులే అసూయపడ్డారు. మఠం విడువక తప్పలేదు.

1025 ప్రాంతంలో అరెజ్జో చేరగా బిషప్ థియోడాల్డ్ ఆదరించారు. ఒక లాటిన్ స్తోత్రంలో ఆరు పాదాలు వరుసగా ఒక్కొక్క స్వరం పైనుండి మొదలవుతాయి. ఆ పాదాల తొలి అక్షరాలనే ఉత్, రే, మి, ఫ, సోల్, ల అని గాయకులకు గుర్తులుగా నేర్పారు. ఏడవ స్వరం పేరు తరువాత చేరింది. ఉత్ చాలాచోట్ల దో అయింది.

పోప్ 19వ జాన్ ఆయనను రోముకు పిలిపించి, తామే ఒక చరణం చూచి పాడి ఆశ్చర్యపోయారు. అయినా గ్విడో పాత మఠాన్ని మరువలేదు. స్వరనామాల పద్ధతిని అక్కడి మిత్రుడు మైఖేలుకు లేఖగా వ్రాసి పంపారు.

మిత్రులారా, కష్టపెట్టిన చోటికి కూడా నేర్చినది దాచుకొనక చార్జి అప్పగించిన వారే నిజమైన ఉద్యోగి.