ఇసుకలో దిద్దిన అక్షరాలు

1706 జూలై 9న తరంగంబాడిలో ఓడ దిగేనాటికి సీగన్‌బాల్గ్‌కి ఇరవై నాలుగేళ్ళు నిండటానికి ఒక్కరోజు తక్కువ. జర్మన్ కుర్రాడు. క్రైస్తవం బోధించమని పంపింది డెన్మార్క్ రాజు. తమిళం ఒక్క ముక్క రాదు. ఒక ముసలి పంతుల్ని పిల్లలతో సహా తన ఇంటికే పిలిపించుకుని, వాళ్ళ మధ్య కూర్చుని వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దాడు. ఇంట్లో రెండు భాషలూ వింటూ పెరిగిన నాకే తమిళం రాయాలంటే ఇప్పటికీ తడబాటు!

అతన్ని జైల్లో పెట్టింది మనవాళ్ళు కాదు, అక్కడి డేనిష్ కోట అధికారి. నాలుగు నెలలు ఉంచాడు. బయటికొచ్చాక మళ్ళీ అదే పని. 1715కల్లా కొత్త నిబంధన తమిళంలో అచ్చయింది. పాత నిబంధన మాత్రం రూతు గ్రంథం దగ్గరే ఆగిపోయింది. 1719లో, ముప్పై ఆరేళ్ళకే పోయాడు. మిగిలింది పూర్తిచేసిన షుల్జ్ ఆ తర్వాత మద్రాసు వెళ్ళి మన తెలుగు నేర్చుకున్నాడు.