ఆర్కిమిడీసు

సిసిలీ ద్వీపపు తూర్పు తీరమున సిరాక్యూసు అను నగరము కలదు. పూర్వమది గ్రీకులకు నెలవు. క్రీ. పూ. 287వ సంవత్సర ప్రాంతమున ఆర్కిమిడీసు అచట జన్మించెను. తండ్రి ఫీడియాసు జ్యోతిశ్శాస్త్రవేత్త. ఆ నగరపు రాజగు హీరోను ఆర్కిమిడీసును మిక్కిలి ఆదరించెను.

ఘనవస్తువుల పరిమాణమును కనుగొనుట ఆనాటి రేఖాగణితజ్ఞులకు ప్రీతికరమైన విషయము. పట్టకము లెక్క సులభము. అడుగునుండి పైవరకు దాని ఆకారము మారదు గనుక అడుగుభాగపు వైశాల్యమును ఎత్తుచే గుణించిన చాలును. వైశాల్యము 6 చదరపుటడుగులు, ఎత్తు 4 అడుగులు అయినచో పరిమాణము 24 ఘనపుటడుగులగును. అదే అడుగుభాగముతో, అంతే ఎత్తుతో మొనదేలిన పిరమిడు నిలిపినచో దాని పరిమాణము అందు మూడవ వంతు, అనగా 8 ఘనపుటడుగులు. ఈ సంగతిని మొదట డెమోక్రిటసు చెప్పెను. తరువాత యుడోక్ససు నిరూపించెను.

ఆర్కిమిడీసు అంతకంటె కఠినమైన ప్రశ్నకు పూనుకొనెను. గోళమునకు చదునైన అడుగు లేదు, నిలువు గోడ లేదు. దానిని కొలుచుటెట్లు? గోళము సరిగా ఇముడునట్టి స్థూపమును అతడు భావించెను. స్థూపమనగా గుండ్రని అడుగు గలది. పట్టకమువలెనే దానిని లెక్కింపవచ్చును. ఆ ఘనరూపములను సన్నని పొరలుగా కోసి త్రాసులో తూచినట్లు ఊహించి, గోళము స్థూపములో మూడింట రెండు వంతులని తెలిసికొనెను. ఊహతో తృప్తిపడక దానిని రేఖాగణితముచే నిరూపించెను. తన పద్ధతిని అలెగ్జాండ్రియాలోని ఎరటోస్తనీసుకు లేఖగా వ్రాసి పంపెను. డెమోక్రిటసుకు చెందవలసిన కీర్తిని ఆ లేఖలో చెప్పుట మరువలేదు.

హీరోను మరణానంతరము సిరాక్యూసు రోముతో మైత్రి విడిచి కార్తేజి పక్షము చేరెను. రోము సేనాని మార్సెల్లసు నగరమును ముట్టడించెను. ఆర్కిమిడీసు నిర్మించిన యంత్రములు రాళ్లు రువ్వి శత్రువులను బహుకాలము నిలిపినవి. అయినను క్రీ. పూ. 212లో నగరము పడిపోయెను. గీచిన పటములయందే దృష్టి నిలిపియున్న ఆ వృద్ధుని ఒక సైనికుడు వధించెనని చెప్పుదురు. మార్సెల్లసు అందులకు మిగుల చింతించెను.

తన సమాధిపై గోళమును, స్థూపమును నిలుపవలెనని ఆర్కిమిడీసు బంధుమిత్రులను కోరియుండెనట. యంత్రముల మాట తలపెట్టలేదు. కాలక్రమమున పురజనులు ఆ సమాధిని మరచిరి. క్రీ. పూ. 75లో సిసిలీలో అధికారిగానుండిన సిసిరో ముండ్లపొదల నడుమ ఆ చిహ్నమును చూచి దానిని గుర్తించెను. ఎరటోస్తనీసుకు వ్రాసిన లేఖయు అట్లే మరుగుపడెను. 1906లో హైబర్గ్ అను డెన్మార్కు పండితుడు కాన్‌స్టాంటినోపిలులోని ఒక పాత ప్రార్థనపుస్తకమున, చెరిపివేసిన అక్షరముల జాడలలో దానిని చదివెను.

తన పద్ధతితో ముందుతరములవారు క్రొత్త సత్యములను కనుగొందురని ఆర్కిమిడీసు ఆ లేఖలో ఆశించియుండెను. పట్టకపు పరిమాణమును గుణించు బాలబాలికలు ఆ త్రోవలో మొదటి అడుగు వేయుచున్నారు.