ఓడ వర్తకులకు అభయమిచ్చిన గణపతిదేవుడు

చినగంజాం: తుపానుకు ఓడ పగిలి సరకు ఒడ్డుకు కొట్టుకువస్తే అది ఎవరికి చెందాలి? పోగొట్టుకున్న వర్తకునికా, ఆ తీరాన్ని ఏలే రాజుకా? దాదాపు 780 ఏళ్ల క్రితం కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు ఈ ప్రశ్నకు వర్తకుని పక్షాన సమాధానమిచ్చాడు. దానిని నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలం మోటుపల్లిలో రాతిస్తంభంపై చెక్కించాడు. క్రీ.శ. 1244-45 నాటి ఆ శాసనమే చరిత్రలో మోటుపల్లి అభయశాసనంగా ప్రసిద్ధి చెందింది.

చెర నుంచి సింహాసనానికి

గణపతిదేవుని తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో ప్రాణాలు కోల్పోయాడు. యువరాజైన గణపతి శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు లేని ఓరుగల్లు రాజ్యాన్ని సేనాని రేచర్ల రుద్రుడు సామంతుల తిరుగుబాట్ల నుంచి కాపాడాడు. యాదవరాజు జైతుగి విడుదల చేయడంతో గణపతిదేవుడు 1199లో సింహాసనం అధిష్ఠించి, ఆరు దశాబ్దాలకు పైగా పాలించాడు.

రాజ్యం చేపట్టిన తొలినాళ్లలోనే ఆయన దృష్టి తీరాంధ్రపై పడింది. కృష్ణా ముఖద్వారాన ఉన్న దివిసీమను జయించి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను తన కొలువులో గజసాహిణిగా నియమించాడు. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని ఈయనే. క్రమంగా వెలనాడు సహా తీరప్రాంతమంతా కాకతీయుల ఏలుబడిలోకి వచ్చింది. రేవులతో పాటు రేవుల చిక్కులు కూడా ఆయన పాలన కిందకు చేరాయి.

జప్తుకు స్వస్తి

ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు చేరితే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని శాసనం తెలుపుతోంది. సముద్రంలో సగం నష్టపోయిన వర్తకుడు ఒడ్డున మిగతా సగమూ కోల్పోయేవాడు. ఏ తప్పూ చేయకుండానే పడిన దండన అది.

గణపతిదేవుడు ఈ హక్కును వదులుకున్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసే వర్తకుల పట్ల దయతోను, కీర్తిని, ధర్మాన్ని కోరియు, నిర్ణీత సుంకం మినహా తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నట్లు ప్రకటించాడు. ఎగుమతులకు, దిగుమతులకు కూడా సుంకాన్ని ముప్పయ్యో వంతుగా నిర్ణయించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు వంటి సరకులకు ఎంతెంత చెల్లించాలో శాసనంలోనే వివరంగా చెక్కించాడు. అధికారి ఇష్టానుసారం అడిగేందుకు తావులేకుండా రేటు రాతిపై అందరి ఎదుటా నిలిచింది.

ఇందులో దయతో పాటు రాజనీతి కూడా ఉంది. ఆపదలో చిక్కిన ఓడను దోచుకుంటే ఆ లాభం ఒక్కసారితో సరి. భయం లేని రేవుకు ఓడలు మళ్లీ మళ్లీ వస్తాయి. ముప్పయ్యో వంతు ఏటేటా ఖజానాకు చేరుతుంది.

తరువాతి కాలంలో...

జీవిత చరమదశలో గణపతిదేవుడు నెల్లూరు సీమలోని ముత్తుకూరు వద్ద పాండ్యుల చేతిలో పరాజయం పాలయ్యాడు. పాలనాభారం కుమార్తె రుద్రమదేవి చేపట్టింది. 13వ శతాబ్దం చివరిలో మార్కోపోలో తన యాత్రా కథనంలో ఈ రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే ప్రస్తావించి, ఇక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను కొనియాడాడు. రేవు పేరే రాజ్యానికి పేరైందంటే విదేశాల్లో దానికి గల ప్రసిద్ధి అర్థమవుతుంది.

కాకతీయ సామ్రాజ్యం 1323లో అంతరించినా ఈ ఒరవడి నిలిచింది. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరో శాసనం వేయించి, వారసులు లేని వర్తకుల ఆస్తిని రాజు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని రద్దు చేశాడు. బంగారం, వెండిపై సుంకం మినహాయించాడు.

స్వతంత్ర భారతదేశంలో 1958 నాటి వాణిజ్య నౌకాయాన చట్టం సైతం, పగిలిన ఓడ సొత్తుపై యజమాని ఏడాదిలోగా హక్కు నిరూపించుకుని తగిన ఖర్చులు చెల్లిస్తే దానిని తిరిగి పొందవచ్చునని నిర్దేశించింది. ఆపద పాలైనంత మాత్రాన సొత్తుపై యజమాని హక్కు పోదన్నదే ఆ చట్టంలోని సూత్రం. అదే న్యాయాన్ని గణపతిదేవుడు ఏడు శతాబ్దాల ముందే ఈ తీరాన రాతిపై నిలిపాడు.