మధుకరం నుంచి మాయాబజార్ దాకా - మన ఘంటసాల



తెలుగువారి ఇళ్ళల్లో ఘంటసాల పాట వినిపించని ఇల్లు ఉండదు. పెళ్ళి పందిట్లో, గుడి మైకులో, టీ కొట్టు రేడియోలో ఆ గొంతు ఎన్నో దశాబ్దాలుగా మోగుతూనే ఉంది. అయితే ఆ గొంతుకు సరిగమలు ఎలా అబ్బాయి, ఆ చదువు రోజుల్లో ఆయన ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళం కాబట్టి ఆయన జీవితంలో మనకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఆ భాగమే. అందుకే ఈ సంచికలో ఆయన గొప్ప పాటల గురించి కాక, ఆయన పాట నేర్చుకున్న రోజుల గురించి రాస్తున్నాను.

బాల్యం

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించారు. తల్లి రత్తమ్మ గారు, తండ్రి సూరయ్య గారు. సూరయ్య గారు పాడేవారు, మృదంగం వాయించేవారు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకుపోయేవారు. నాన్న తరంగాలు పాడుతుంటే ఆ పసివాడు నాట్యం చేసేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి బాలభరతుడు అని పిలిచేవారు.

ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. కొడుక్కి పదకొండేళ్ళ వయసులో సూరయ్య గారు కన్నుమూశారు. ఎలాగైనా గొప్ప సంగీత విద్వాంసుడివి కావాలని చివరి రోజుల్లో కొడుకును కోరారు. ఆ తర్వాత మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు. తండ్రి పోయిన ఇంట్లో తిండి గడవడమే కష్టం, ఇక సంగీతం ఎవరు నేర్పిస్తారు?

పక్క ఊళ్ళో జరిగిన ఒక కచేరీలో ఈ కుర్రవాడు అక్కడి విద్వాంసులతో పోటీపడి పాడి ఓడిపోయాడు. అందరూ నవ్వారు. గొంతు బాగుంటే చాలదని, శాస్త్రం నేర్చుకోవాలని అతనికి ఆ రోజు అర్థమైంది. తెలిసిన విద్వాంసుల ఇళ్ళకు వెళ్ళి, పని చేస్తాను, సంగీతం చెప్పండి అని ప్రాధేయపడ్డాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు, ఇంకో ఇంట్లో వంట చేశాడు. పనైతే దొరికింది గానీ పాఠం దొరకలేదు.

విజయనగరం ప్రయాణం

ఆ రోజుల్లో సంగీతం పద్ధతిగా నేర్పే కళాశాల విజయనగరంలో ఉండేది. దాని పుట్టుక కథ కూడా మనం తెలుసుకోదగ్గది. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు చాగంటి గంగరాజుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడి కోసం ఆలోచించి, అలాంటి పిల్లలందరికీ ఉపయోగపడేలా విజయరామ గజపతి రాజు గారు 1919లో ఆ కళాశాలను ప్రారంభించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం విని, ఆయన్ను ఏకంగా ఆచార్యుడిగా నియమించారు. నాయుడు గారికి చిన్నప్పటి నుంచీ చూపు మందం, ఆ కారణంగానే బడి చదువు సాగలేదు. పడమటి దేశాల నుంచి వచ్చిన ఆ ఫిడేలును అన్నగారి దగ్గర నేర్చుకుని, దేశం మెచ్చే విద్వాంసుడు అయ్యారు. 1936లో ఆయనే ఆ కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు.

1930ల చివర్లో మన వెంకటేశ్వరరావు తన వేలి ఉంగరాన్ని అమ్మి ఆ ఊరికి బయలుదేరాడు. నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకే అమ్ముకున్నాడని చెబుతారు. గుడివాడ ప్రాంతం నుంచి విజయనగరం పోయే రైలుదారి మన కొవ్వూరు మీదుగానే గోదావరి దాటుతుంది. అప్పటికి మన రోడ్డు కం రైలు వంతెన లేదు, అది 1974లో వచ్చింది. ఉన్నది 1900 నాటి పాత హేవ్‌లాక్ వంతెన ఒక్కటే. ఆ వంతెన మీద రైళ్ళు 1997లో ఆగిపోయాయి. మనం మాత్రం నేటికీ గట్టు మీద నిలబడి దాన్ని చూస్తున్నాం.

తీరా విజయనగరం చేరేసరికి వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. ప్రిన్సిపాల్ గారిని వేడుకుంటే కళాశాల ఆవరణలో పడుకోవడానికి ఒప్పుకున్నారు. భోజనానికి వారాలు కుదిరాయి. అంటే రోజుకొక ఇంట్లో భోజనం. కాస్త కుదుటపడ్డాడు అనుకునేలోగా ఇంకో దెబ్బ తగిలింది. తోటి కుర్రాళ్ళు చేసిన తప్పు ఇతని మీద పడింది, బయటికి పంపేశారు. సంగతి ఊళ్ళో తెలియడంతో అన్నం పెట్టే ఇళ్ళు కూడా తలుపులు మూసేశాయి. చేయని తప్పుకు గూడూ పోయింది, కూడూ పోయింది. ఊళ్ళో ఒక గుడిలో తలదాచుకున్నాడు.

గురువు దొరికిన రోజు

ఆ గుడికి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి గారి కంట ఈ కుర్రవాడు పడ్డాడు. శాస్త్రి గారు సాలూరు నుంచి వచ్చి విజయనగరం కళాశాలలో గాత్రం చెబుతున్న పండితుడు. సంగతంతా విని, ఇంటికి తీసుకెళ్ళి, పైసా పుచ్చుకోకుండా పాఠం చెబుతానన్నారు. పాఠం చెప్పగలరు గానీ ఆయనా పేదవారే, ఇంకొకరికి రెండు పూటలా అన్నం పెట్టే స్థోమత లేదు. అందుకని శిష్యుడు జోలె పట్టి మధుకరం ఎత్తుకోవలసి వచ్చింది. తుమ్మెద పువ్వు పువ్వునా కొంచెం తేనె తీసుకున్నట్టు, విద్యార్థి ఇంటింటా కొంచెం అన్నం అడిగి తెచ్చుకోవడాన్ని మధుకరం అంటారు.

భుజాన జోలె కట్టుకుని వీధి వీధి తిరిగేవాడు. పొద్దున తెచ్చినదాంట్లో రాత్రికి కొంత గుడ్డలో మూటకట్టి దాచుకునేవాడు. దానికి చీమలు పట్టేవి. ఒక డబ్బా పంపమని మేనమామకు ఉత్తరం రాసి తెప్పించుకున్నాడు. కోట్లమంది చెవుల్లో తేనె పోసిన గాయకుడు చదువుకునే రోజుల్లో ఇంటి నుంచి అడిగిన వస్తువు అన్నానికి చీమలు పట్టకుండా ఒక డబ్బా. హాస్టల్ ట్రంకు పెట్టెలో ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా దాచుకున్నవాళ్ళకి ఈ డబ్బా విలువ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి పాఠాలు

కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి మొదట శృతి చెబుతారు. ఎవరి గొంతుకు ఏ శృతి సరిపోతుందో గురువు చూస్తారు. హార్మోనియం మీద మొదటి తెల్ల మెట్టు ఒకటో శృతి, దాని పక్క నల్ల మెట్టు ఒకటిన్నర, ఆ తర్వాతి తెల్ల మెట్టు రెండు. ఇలా లెక్క. ఒక స్థాయిలో ఏడు తెల్లవి, ఐదు నల్లవి, మొత్తం పన్నెండు మెట్లు. పియానో మీదా ఇదే వరుస, ఇప్పటి కీబోర్డు మీదా ఇదే వరుస.

తర్వాత సరళీ వరసలు. వీటిని మాయామాళవగౌళ రాగంలో నేర్పుతారు. మొదటి తెల్ల మెట్టును షడ్జమంగా పెట్టుకుంటే ఈ రాగంలో రిషభం, ధైవతం మాత్రమే నల్ల మెట్ల మీద పడతాయి, మిగిలిన ఐదు స్వరాలూ తెల్ల మెట్లే. ఆది తాళం ఎనిమిది అక్షరాలు చేత్తో వేస్తూ ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం పాడాలి. తర్వాత జంట వరసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆ తర్వాతే కీర్తన. మొదటి నెలల్లో పాట ఉండదు, చప్పగా ఉంటుంది. నేర్చుకుందామని వచ్చి చాలామంది మానేసేది ఇక్కడే. గొంతు బాగుందని పొగడ్తలు విన్న వెంకటేశ్వరరావు కూడా ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కవలసిందే. శాస్త్రి గారి శిక్షణ కఠినం. అయినా శిష్యుడు వదల్లేదు. సెలవులు అయ్యాక కళాశాలలో చేరాడు, నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలోనే ముగించాడని చెబుతారు.

తర్వాతి జీవితం

సొంత ఊరు చేరి పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో 1942 క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అందులో పాల్గొని బళ్ళారి అలీపూర్ జైలులో శిక్ష అనుభవించారు. 1944లో సావిత్రి గారితో వివాహమైంది. సముద్రాల రాఘవాచార్య గారి ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది, వారిని ఇబ్బంది పెట్టకూడదని, పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రిళ్ళు పార్కులోనే పడుకునేవారు. బృందగానంలో గొంతు కలుపుతూ, రేడియోలో పాడుతూ, 1945లో స్వర్గసీమతో సినిమా గాయకులయ్యారు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) ఆయన పాటలను ఊరూరా చేర్చాయి. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై ఒకటి. ఇప్పుడు విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఆయన పేరుతోనే ఉంది.

గురువు గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు (1920-2021) దశాబ్దాల పాటు ఘంటసాల గారి సంగీత సహచరుడిగా హార్మోనియం ముందు కూర్చున్నారు. ఆ రెండు ఇళ్ళ బంధం గురువు గారి తర్వాత కూడా తెగలేదు.

మనం తెలుసుకోవలసినది

ఈ కథను చాలామంది పట్టుదల కథగా చెబుతారు. అది నిజమే గానీ సగమే. పట్టుదల ఉన్నా ఆ కుర్రవాడు గుడిలో ఆకలితో పడుకున్నాడు. తలదాచుకునే చోటు, రెండు పూటల అన్నం, ఓపికగా చెప్పే గురువు, ఈ మూడూ సమకూరాకే పట్టుదల పనికొచ్చింది.

ఇంకొక నిజం కూడా మనం చెప్పుకోవాలి. ఆ జోలె అందరి భుజానికీ అందేది కాదు. వారాలైనా, మధుకరమైనా నాడు బ్రాహ్మణ విద్యార్థులకు ఉన్న ఆచారం. అదే ఊళ్ళో, అదే వయసులో, అంత గొంతూ ఉన్న మాల మాదిగ పిల్లవాడు జోలె పట్టుకుని బయలుదేరితే ఏ గడపా తెరుచుకునేది కాదు. డప్పు మీద ఎంత కష్టమైన తాళమైనా పలికించగల మన తాతలను ఏ విద్వాంసుడూ ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టలేదు. అలా ఎన్ని గొంతులు పొలం గట్ల మీదే ఆగిపోయాయో ఎవరూ లెక్క రాయలేదు. ఘంటసాల గారి మీద నిష్ఠూరంగా ఈ మాట రాయడం లేదు. ఆయన ఆకలి నిజమైనది. ఆయనకు చివరికి దొరికిన ఆ పిడికెడు అన్నం కూడా మనవాళ్ళకు దొరకలేదని మాత్రమే చెబుతున్నాను.

అందుకే సంక్షేమ హాస్టల్ అంటే నాకు గౌరవం. ఇక్కడ అన్నం ఎవరి దయా కాదు, హక్కు. కంచం పట్టుకుని వరుసలో నిలబడటం సిగ్గుపడవలసిన పని కాదు. చారు పలచన కావచ్చు, ఫ్యాను తిరగకపోవచ్చు, వాటి గురించి అడగాలి, పోరాడాలి కూడా. కానీ గూడూ, కూడూ అనే రెండు మెట్లు మనకు ముందే కట్టి ఉన్నాయన్న సంగతి మరవకూడదు.

ఇక మిగిలినది గురువు. మనలో చాలామంది పిల్లలు మొదటిసారి హార్మోనియం గానీ కీబోర్డు గానీ ముట్టుకునేది చర్చిలో. ఇంకొందరికి భజన మందిరంలో. విని వాయించడం వచ్చేస్తే అక్కడే ఆగిపోతాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అక్కడ ఆగకండి. గోదావరి దాటితే రాజమండ్రిలో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. వెళ్ళి అడగండి. వయసు మించిపోయిందని పూర్వ విద్యార్థులు కూడా అనుకోవద్దు. సరళీ వరసలకు ఎనిమిదేళ్ళవాడైనా, నలభై ఏళ్ళవాడైనా ఒకటో కాలంలోనే మొదలుపెట్టాలి. రోజూ అరగంట చాలు, మానకుండా ఉంటే. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఒక హార్మోనియం కొనిస్తే, వారానికి ఒక రోజు ఒక మాస్టారును పిలిపిస్తే, వచ్చే వార్షికోత్సవానికి మన పిల్లలే ప్రార్థన గీతం వాయిస్తారు.

శాస్త్రి గారి దగ్గర డబ్బు లేదు, ఉన్న విద్యనే పంచారు. మన దగ్గర ఉన్నది మనం పంచుదాం. ఈ హాస్టల్ గదుల్లోంచి కూడా ఒక గొప్ప గొంతు లోకానికి వినపడాలని మనసారా కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

- ఒక పూర్వ విద్యార్థి, కొవ్వూరు