గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొర: నమ్మకాన్ని పంచడం అంటే ఏమిటి?

రామానుజుల వారు గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని గోపురం ఎక్కి అందరికీ వినిపించారన్న కథ మీకు తెలుసు. పోతులూరి వీరబ్రహ్మం గారు దూదేకుల సిద్ధయ్యని, మాదిగ కక్కయ్యని శిష్యులుగా చేసుకున్న కథ కూడా తెలుసు. తమకి దొరికిన వెలుగుని వీళ్ళు తమ ఇంట్లోనే దాచుకోలేదు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా మనం వాళ్ళని తలుచుకుంటున్నాం.

ఈసారి రాస్తున్నది మాత్రం మన మతం కాని ఒక మనిషి గురించి. అమెరికా నుంచి ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ, జాన్ ఎవరెట్ క్లౌ. మా వైపు పెద్దవాళ్ళు క్లౌ దొర అంటారు.

మన ఛానెల్‌లో ఈయన ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. మాది మార్కాపురం వైపు. గిద్దలూరు దాకా ఏ రోడ్డు మీద వెళ్ళినా ఊళ్ళో రామాలయం, పాలెంలో చిన్న చర్చి కనిపిస్తాయి. ఆ చర్చి అక్కడికి ఎలా వచ్చిందని అడిగితే, తిండి ఆశ చూపించి మార్చేశారు అని ఒక్క మాటలో తేల్చేస్తాం. నేనూ ఆ మాట వింటూనే పెరిగాను. అది ఎంతవరకు నిజమో చూద్దామని క్లౌ జీవితం చదివాను. చదివింది మీకు చెప్తున్నాను.

సుద్దముక్కతో గీసిన గీత

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. అదే ఏడాది శామ్యూల్ డే అనే మిషనరీ తెలుగు నేల మీద అడుగుపెట్టాడు. క్లౌ కుటుంబం బతుకుతెరువు కోసం పడమటికి, అయోవాకి వెళ్ళింది. కుర్రాడిగా ఉన్నప్పుడే అతను ప్రభుత్వ సర్వే బృందాల్లో చేరి అడవుల్లో గొలుసు పట్టి భూమి కొలిచాడు. లాయర్ అవుదామనుకున్నాడు. దేవుడి మీద పెద్ద ఆసక్తి లేదు.

కాలేజీ రోజుల గురించి ఒక సంగతి చెబుతారు. గదిలో తోటి విద్యార్థి రోజూ ప్రార్థన చేసేవాడట. క్లౌకి చిరాకేసి గది మధ్యలో సుద్దముక్కతో గీత గీశాడు. నీ ప్రార్థనలు నీ వైపే ఉంచుకోమని దాని అర్థం. ఆ స్నేహితుడు వాదించలేదు, గీత దాటలేదు, ప్రార్థన మానలేదు. కొన్నాళ్ళకి ఒక రాత్రి క్లౌయే గీత దాటి వెళ్ళి అతని పక్కన మోకరిల్లాడు. నమ్మకం ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా వెళ్తుందో క్లౌకి మొదట తెలిసింది ఆ గదిలోనే అనుకుంటాను.

మూతపడబోయిన మిషన్

అప్పటికి నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ పరిస్థితి ఏమీ బాగోలేదు. ఏళ్ళ తరబడి పనిచేసినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, పలుసార్లు చర్చ జరిగింది. లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ మాత్రం వదలనన్నాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం అయిదుగురు ఒంగోలు పక్కన చిన్న కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు.

ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. క్లౌ, భార్య హ్యారియెట్‌తో 1865లో మన దేశానికి చేరాడు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలుకి కాపురం మార్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

పేరయ్య వెతుకులాట

ఇక్కడ కథలోకి అసలు మనిషి వస్తాడు. ఆయన పేరు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్తుడు. తోళ్ళ పని చేసుకునేవాడు. ఊరు ఒంగోలుకి పడమట సుమారు 40 మైళ్ళ దూరం, మా మెట్టప్రాంతం వైపు.

పేరయ్య ఖాళీ మనసుతో వచ్చినవాడు కాదు. అంతకుముందే రాజయోగం బోధించే గురువుల దగ్గర శిష్యరికం చేశాడు. దేవుడు ఒక్కడే, ఆయన విగ్రహంలో కాదు ఆత్మలో ఉన్నాడు అని నేర్చుకుని ధ్యానం చేసేవాడు. వీరబ్రహ్మం గారి లాంటి యోగుల బోధలు అప్పట్లో ఈ పల్లెల్లో, పాలేల్లో బాగా తిరుగుతుండేవి. గుడి గడప దాటనివ్వని జనానికి ఆ బోధలే దిక్కు. తొలి రోజుల్లో క్లౌ దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇలాంటి గురువుల శిష్యులు చాలామందే ఉన్నారు. అంటే క్లౌ కన్నా ముందే నేల దున్ని ఉంది. దున్నింది మన యోగులే.

క్లౌ పేరయ్య ఊరికి వెళ్ళి చింతతోపులో గుడారం వేసుకున్నాడు. నిజానికి అక్కడ ఆయన పని సగం ముందే అయిపోయింది. పేరయ్య అప్పటికే తన బంధువులకి, చుట్టుపక్కల పాలేల వాళ్ళకి చెప్పి ఉన్నాడు. కొద్ది రోజుల బోధ తర్వాత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత కూడా పేరయ్య ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాడు. ఎక్కడికెళ్ళినా చుట్టరికం ఉంది, భాష ఒకటే, కష్టం ఒకటే. దొర ప్రసంగం కన్నా పేరయ్య పలకరింపే ఎక్కువ దూరం వెళ్ళింది.

రెండు తలుపులు

ఒంగోలులో క్లౌ బడి పెట్టాడు. పైకులాల పిల్లలు వచ్చేవారు, వాళ్ళ పెద్దలూ ఆదరంగానే ఉండేవారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలియగానే గాలి మారింది. వాళ్ళని చేర్చుకుంటే మేం రాం, మా పిల్లల్ని పంపం అని చెప్పేశారు.

క్లౌ ఇరకాటంలో పడ్డాడు. చదువుకున్న కులాలని పట్టుకుంటే పైనుంచి అందరూ వస్తారన్నది అప్పట్లో చాలామంది మిషనరీల లెక్క. ఆ రాత్రి ఆయన ఒక గదిలో, హ్యారియెట్ ఇంకో గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండా బైబిలు తెరిచారట. ఇద్దరికీ వచ్చింది ఒకే భాగం: లోకం చులకనగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకుంటాడని పౌలు రాసిన చోటు. దాంతో నిర్ణయం అయిపోయింది. బడి ఖాళీ అయినా సరే, వచ్చినవాళ్ళకి తలుపు మూయలేదు.

చేరినవాళ్ళు ఆదివారం పనికి రామన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. జాతరల్లో డప్పు కొట్టమన్నారు. ఊరికి కోపం వచ్చింది. నీళ్ళకి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు. ఆశ కోసం మారినవాళ్ళైతే ఇక్కడే వెనక్కి పోవాలి. చాలామంది పోలేదు.

కరువు, కాలవ

1876లో వానలు పోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణాదిన లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. క్లౌకి తన పాత సర్వే విద్య అక్కరకొచ్చింది. మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది కూలీలు వచ్చారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు పార, గంప. విశ్రాంతి వేళల్లో ఆ బోధకులు కూలీల పక్కన కూర్చుని, బరువు మోసి అలిసినవాళ్ళని క్రీస్తు తన దగ్గరికి పిలిచిన మాట చెప్పేవారు. బరువు అంటే ఏంటో అక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు కదా!

తిండి ఆశ అన్న మాటకి జవాబు నాకు దొరికింది ఇక్కడే. బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడుగుతుంటే క్లౌ ఇవ్వనన్నాడు. కరువు సాయం చేతిలో ఉన్నంతకాలం ఎవరినీ చేర్చుకోనని, సుమారు 15 నెలలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తనకి తెలియాలి, వాళ్ళకీ తెలియాలి అని ఆయన ఉద్దేశం.

కరువు తగ్గాక, ఇక డబ్బు ఇచ్చేది లేదని చెప్పడానికి జనాన్ని పిలిచాడు. వాళ్ళు మాకు డబ్బు వద్దన్నారు. పనిచేసి బతికామని చేతుల్లో కాయలు చూపించారు. చేర్చుకోమని పట్టుబట్టారు.

1878 జూలై 3న ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ నీళ్ళలో నిలబడ్డారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606. ఇంత తొందరేమిటని సొంత మిషన్ వాళ్ళలోనే కొందరు క్లౌని తప్పుపట్టారు. నేర్పకుండా చేర్చుకున్నవాళ్ళు నిలబడతారా అన్నది వాళ్ళ అనుమానం. అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఆ తర్వాత ఆయన జీవితమంతా బడులు పెట్టించడానికీ, బోధకుల్ని తయారుచేయడానికీ సరిపోయింది.

ఏటికి ఎగువన

గుండ్లకమ్మ పుట్టేది మన నల్లమలలో, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. కంభం చెరువు నింపి, మార్కాపురం సీమ మీదుగా దిగువకి పోతుంది. మిషన్ మాత్రం ఏటికి ఎదురు నడిచి వచ్చింది. 1882లో కంభం, 1892లో కనిగిరి, 1894లో పొదిలి, 1895లో మార్కాపురం మిషన్ కేంద్రాలయ్యాయి. ఒకప్పుడు క్లౌ ఒక్కడే గుర్రం మీద, ఎడ్లబండి మీద తిరిగిన ప్రాంతాన్ని పలువురు పంచుకున్నారు.

హ్యారియెట్ చనిపోయాక క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ళ కథలు, గురువుల విశేషాలు విని 1899లో పుస్తకం వేసింది. పేరయ్య యోగసాధన సంగతి మనకి అందింది ఆమె వల్లనే. క్లౌ చివరి ఏళ్ళలో తుంటి విరిగి నడవలేని స్థితికి వచ్చాడు. 1910లో అమెరికాలో కన్నుమూశాడు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆస్పత్రి పెట్టారు.

నేను తీసుకున్నది

క్లౌ చెప్పిన సిద్ధాంతం నాది కాదు. విగ్రహం గురించి ఆయన అభిప్రాయం నేను ఒప్పుకోను. మార్కాపురం చెన్నకేశవ స్వామి ముందు నిలబడితే నాకు కళ్ళు చెమరుస్తాయి, అది మారదు. కానీ నమ్మకాన్ని పంచేవాడికి ఉండాల్సిన రెండు గుణాలు ఆయనలో చూశాను. ఎవరికి తలుపు తియ్యాలో ఎంచుకోవాల్సి వస్తే, ఎవరూ తియ్యనివాళ్ళకి తీశాడు. ఆకలిగా ఉన్నవాడికి పని ఇచ్చాడు, దానికి బదులుగా నమ్మకం అడగలేదు.

పేరయ్య గురించి తలుచుకుంటే మాత్రం నాకు బాధేస్తుంది. ధ్యానం తెలిసిన మనిషి, దేవుడి కోసం అంత తపించిన మనిషి, మన ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన్ని లోపలికి రమ్మన్న గుడి ఒక్కటీ లేకపోయింది. ఆయన వెళ్ళిపోయాడని ఈరోజు మనం అనడం తేలిక. ఉండమని ఎవరన్నారు అప్పుడు?

మనం షేర్ చేసే భక్తి వీడియోలు, స్టేటస్‌లు మంచివే. వాటితో పాటు ఈ వారం ఒక పని చేద్దాం. మీ అపార్ట్‌మెంట్‌లో పూజ జరిగితే వాచ్‌మన్ కుటుంబాన్నీ, ఊడ్చే అమ్మనీ ముందు వరసలో కూర్చోమనండి. ప్రసాదం చేతికిచ్చి పంపేయకండి, పక్కన కూర్చుని తినండి.

వచ్చే వారం ఇంకో జీవితంతో కలుద్దాం.