తాళం వెనక చొక్కాలు: నైటింగేల్ చూసిన స్కుటారి చలికాలం

ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధికి ఆసియా వైపు ఒడ్డున ఉస్కుదార్ అనే ప్రాంతం ఉంది. అక్కడ నాలుగు మూలలా నాలుగు బురుజులతో ఒక పెద్ద రాతి భవనం కనిపిస్తుంది. మూడో సలీం సుల్తాన్ నిజామె జదీద్ అనే తన కొత్త సైన్యం కోసం మొదట దాన్ని చెక్కతో కట్టించారు. తర్వాత మహమూద్ సుల్తాన్ రాతితో మళ్లీ కట్టించారు. పేరు సెలీమియే బ్యారక్స్. 1854లో ఉస్మానియా ప్రభుత్వం దాన్ని ఇంగ్లీషు సైన్యానికి దవాఖాన పెట్టుకోమని ఇచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని స్కుటారి అనేవాళ్లు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు ప్రపంచమంతా తెలిసింది ఇక్కడి నుంచే.

స్కూలు పుస్తకాల్లో ఆమె బొమ్మ ఎప్పుడూ ఒకటే: చేతిలో దీపం, చుట్టూ గాయపడిన సైనికులు. దీపం సంగతి నిజమే. పగలంతా ఆమె చేసిన పని మాత్రం పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. చొక్కాలు, చెంచాలు, బకెట్లు, బ్రష్షులు ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఎవరి సంతకంతో బయటికొస్తాయి అని వెతకడమే ఆ పని.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. తండ్రి బాగా ఆస్తిపరుడు. కూతుళ్లకు తానే గ్రీకు, లాటిన్, చరిత్ర చెప్పారు. ఫ్లోరెన్స్‌కు లెక్కల మీద మోజు ఎక్కువ. నర్సు అవుతానంటే ఇంట్లో పెద్ద గొడవే అయ్యింది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ దవాఖానాల్లో పనిచేసే ఆడవాళ్లకు తాగుబోతులని చెడ్డపేరు ఉండేది మరి. పెళ్లి వద్దనుకుని, ఏళ్ల తరబడి పట్టుబట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు పని నేర్చుకున్నారు. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లోని ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. అక్కడ దుప్పట్లు లెక్కపెట్టించారు. కిరాణా టోకున కొనిపించారు. నర్సులు మెట్లెక్కి దిగే శ్రమ తగ్గాలని భోజనం పైకి లాగే లిఫ్టు అడిగి పెట్టించారు. పెద్ద సంసారం ఈదే ఏ ఇల్లాలికైనా తెలిసిన విద్యే ఇది. సైన్యానికే తెలియలేదు.

1854లో రష్యా మీద యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్ ఉస్మానియా పక్షాన దిగాయి. సెప్టెంబర్ 20న క్రిమియాలో ఆల్మా యుద్ధం జరిగింది. గాయపడినవాళ్లను, కలరా పట్టినవాళ్లను ఓడల్లో నల్లసముద్రం దాటించి స్కుటారికి తెచ్చారు. కట్టు కట్టడానికి గుడ్డ కూడా లేదని లండన్ టైమ్స్ పత్రికలో వార్తలు వచ్చాయి. చదివిన జనం మండిపడ్డారు. అధికారులు మాత్రం నిజంగానే తికమకపడ్డారు. వాళ్ల కాగితాల ప్రకారం కట్ల గుడ్డ టన్నుల్లెక్కన వెళ్లింది, మందులకు లోటు లేదు. ఇందులో ఎవరిదీ అబద్ధం కాదు. సామాను పంపారు. వార్డులో మాత్రం లేదు.

యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్‌కు నైటింగేల్ పాత పరిచయం. ఆయన అడిగితే ఆమె 38 మంది నర్సులతో అక్టోబర్ 21న బయల్దేరారు. సైనిక వైద్య శాఖ అధిపతి స్కుటారిలో అన్నీ ఉన్నాయని భరోసా ఇచ్చారు. అయినా ఆమె దారిలో ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో దిగి తిండి సామాను పెద్దఎత్తున కొన్నారు. నవంబర్ 4న స్కుటారి చేరారు. మర్నాడే క్రిమియాలో ఇంకర్మాన్ యుద్ధం జరిగింది. ఆడవాళ్లు వార్డుల్లోకి రావడం డాక్టర్లకు మొదట ఇష్టం లేదు. ఆమె గొడవపడలేదు. నర్సులను కూర్చోబెట్టి పాత గుడ్డలు కుట్టించారు. కొన్ని రోజులకే రోగులు ఓడల నిండా దిగారు, డాక్టర్లే పిలిచారు.

అక్కడ ఆపరేషన్ బల్ల లేదు. పక్క మంచం మీది సైనికుడు చూస్తుండగానే కాళ్లు, చేతులు తీసేసేవాళ్లు. అడ్డుతెర తెప్పించింది ఆమే. బకెట్లు, సబ్బులు, తువ్వాళ్లు, పళ్లేలు, చెంచాలు ఏవీ సరిపడా లేవు.

చెంచా కూడా ఎందుకు లేదన్నదాంట్లోనే అసలు కథ ఉంది. సైన్యం రూల్ ప్రకారం దవాఖానకు వచ్చే సైనికుడు తన వీపు సంచితో వస్తాడు. మారు చొక్కా, చెంచా, ఫోర్కు అందులోనే ఉంటాయి. అందుకని దవాఖాన స్టాకులో వాటికి లెక్కే కట్టలేదు. శాంతికాలంలో ఇది బాగానే నడిచింది. 1854 సెప్టెంబర్‌లో క్రిమియా తీరంలో దిగినప్పుడు, కలరాతో నీరసించిన సైనికులు మోయలేరని సంచులు ఓడల్లోనే వదిలేయమన్నారు. చాలామందికి అవి మళ్లీ దొరకలేదు. వాళ్లే రెండు నెలల తర్వాత పేలు పట్టిన, నెత్తుటితో గట్టిపడిన ఒంటి చొక్కాతో స్కుటారి మెట్లెక్కారు. చొక్కా అడిగితే అది దవాఖాన ఇవ్వాల్సిన వస్తువు కాదని సరఫరా అధికారి జవాబు. ఆయన దుర్మార్గుడేం కాదు. రూల్‌లో లేనిది ఇస్తే సొంత జేబు నుంచి కట్టాల్సి వస్తుందని భయం.

రెండో చిక్కు ఓడల్లో ఉంది. స్కుటారిలో దించాల్సిన మందుల పెట్టెలు కింద, క్రిమియాకు వెళ్లాల్సిన గుండ్లు పైన పేర్చేవాళ్లు. పైవి తీయకుండా కిందివి రావు. దాంతో స్కుటారి ముందు నుంచే మందులు బాలక్లావా రేవుకు పోయేవి. ప్రిన్స్ అనే ఓడ అలాగే వైద్య సామానుతో, చలి దుస్తులతో బాలక్లావా చేరింది. నవంబర్ 14 తుఫానులో రేవు బయటే మునిగిపోయింది. ఆ చలికాలం సైన్యం కప్పుకోవాల్సిన కోట్లు సముద్రం అడుక్కి చేరాయి.

మూడోది కాగితం. ప్రభుత్వం పంపిన 27 వేల చొక్కాలు స్కుటారికి చేరాయి, ఒడ్డుకు దిగాయి కూడా. కానీ బోర్డు కూర్చుని పరిశీలించందే మూటలు విప్పకూడదు. బోర్డు కూర్చునేసరికి మూడు వారాలు పట్టింది. గోడకు ఒకవైపు చొక్కాల మూటలు, రెండోవైపు చొక్కా లేక వణికే రోగులు. బాలక్లావాలో ఇంకా ఘోరం: డిసెంబర్ 10న 20 వేల పౌన్ల నిమ్మరసం దిగింది. చిగుళ్లు కుళ్లే స్కర్వీకి అదే మందు. రోజువారీ రేషన్ జాబితాలో నిమ్మరసం లేదు కాబట్టి ఫిబ్రవరి దాకా ఎవరూ పంచలేదు.

నైటింగేల్ ఏం చేశారంటే, పక్కనే ఇంకో స్టోరు తెరిచారు. టైమ్స్ పత్రిక పాఠకులు ఇచ్చిన విరాళాలు, తన దగ్గరి డబ్బు కలిపి, ఆ పత్రిక మనిషి మెక్‌డొనాల్డ్ సాయంతో ఇస్తాంబుల్ బజార్లలో కొనిపించారు. మొదట తెప్పించినవాటిలో నేల తోమే బ్రష్షులు ఉన్నాయి. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, నీళ్లు మరిగించే బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు కూలి ఇచ్చి బట్టలు ఉతికించారు. తన స్టోరుకు ఆమె రెండు షరతులు పెట్టుకున్నారు. డాక్టరు సంతకం చేసిన ఇండెంటు లేకుండా ఏదీ ఇవ్వకూడదు. సర్కారు స్టోరులో ఆ వస్తువు లేదని తేలాకే ఇవ్వాలి. జాలిపడి ఎదురొచ్చిన చేతిలోనల్లా పెట్టి ఉంటే ఆ స్టోరు వారం రోజులు కూడా నిలిచేది కాదు.

డిసెంబర్ మొదట్లో ఇంకో 500 మంది వస్తున్నారని క్రిమియా నుంచి కబురొచ్చింది. దవాఖానలో నిప్పంటుకుని పాడైన వార్డులు ఖాళీగా ఉన్నాయి, బాగుచేస్తే 800 మంది పడతారు. ఎవరు హుకుం ఇవ్వాలి, ఎవరు డబ్బు పెట్టాలి అని అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట పెట్టిన 125 మంది పనివాళ్లు సమ్మెకు దిగారు. నైటింగేల్ ఇంకో 200 మందిని పెట్టి తన పూచీ మీద పని పూర్తి చేయించారు. మంచాలు, పరుపులు, పళ్లేలు తన స్టోరు నుంచే ఇచ్చారు. ఖర్చు సర్కారు తర్వాత తిరిగిచ్చింది.

ఇంత చేసినా మరణాలు తగ్గలేదు. ఆ చలికాలం స్కుటారిలో నాలుగు వేలకు పైగా చనిపోయారు. 1855 ఫిబ్రవరిలో దవాఖానకు వచ్చిన ప్రతి వందమందిలో 42 మంది పోయారు. ఎక్కువమందిని చంపింది గాయాలు కావు. కలరా, విరేచనాలు, టైఫస్ జ్వరం. భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. నీళ్లు వచ్చే దారిలో గుర్రం కళేబరం పడి ఉంది. మార్చిలో లండన్ నుంచి సుదర్లాండ్, రాలిన్సన్ లాంటి నిపుణులతో శానిటరీ కమిషన్ వచ్చింది. కాలువలు కడిగించారు, నీళ్లు బాగుచేయించారు, గాలి ఆడేలా చేశారు. జూన్ నాటికి మరణాలు వందకు రెండు, మూడుకు పడిపోయాయి.

ఆ సమయంలో నైటింగేల్ నమ్మకం వేరు. తిండి లేక, బట్ట లేక, ఆలస్యంగా తేవడం వల్లే చనిపోయారని అనుకున్నారు. 1856 ఆగస్టులో ఇంటికొచ్చాక, గణాంకాల్లో దిట్ట అయిన డాక్టర్ విలియం ఫార్‌తో కూర్చుని అంకెలన్నీ వేసి చూశారు. ఏ చలికాలంలో తాను అంత కష్టపడ్డారో, ఆ చలికాలపు దవాఖానే రోగులను చంపిందని అంకెలు చెప్పాయి. దేశమంతా దేవత అంటున్న మనిషికి ఇది మింగుడుపడే సంగతి కాదు. దాచుకోలేదు. రంగుల ముక్కల గుండ్రటి బొమ్మలు గీయించి మంత్రుల ముందు పెట్టారు. 1858లో స్టాటిస్టికల్ సొసైటీ సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే.

క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను జీవితాంతం వదల్లేదు. చాలాకాలం మంచం మీది నుంచే పనిచేశారు. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల స్కూలు పెట్టారు. అది అందరికీ తెలిసిందే. 1861 చివర్లో జరిగింది తెలిసింది తక్కువ మందికి. ట్రెంట్ అనే ఓడ విషయంలో బ్రిటన్‌కూ అమెరికాకూ యుద్ధం వచ్చేలా ఉంది. చలికాలంలోనే కెనడాకు సైన్యం పంపాలి. యుద్ధ శాఖ ఆమెను సలహా అడిగింది. రోగులను మోసే స్లెడ్జి బండి మంచులో ఎంత దూరం పోగలదు, మజిలీలు, డిపోలు ఎంతెంత దూరంలో ఉండాలి, కప్పుకునే వాటిలో ఏది వెచ్చన, ఏది బరువు అని మంచం మీదే లెక్కలు వేసి పంపారు. ఈసారి సామాను సైనికుడి దారి వెంటే ఉండాలని ఆమె పట్టు. యుద్ధం రాలేదు.

రెడ్‌క్రాస్‌కు పునాది వేసిన హెన్రీ డ్యునాంట్ తనకు ప్రేరణ నైటింగేలే అన్నారు. ఆమెకు మాత్రం మొదట్లో ఆ ఆలోచన నచ్చలేదు. గాయపడిన సైనికుడి బాధ్యత ప్రభుత్వానిది, విరాళాల సంఘాలు ఆ బరువు ఎత్తుకుంటే ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటాయని ఆమె భయం. విరాళాలతో స్టోరు నడిపిన మనిషి ఈ మాట అనడం వింతగానే ఉంటుంది. బహుశా నడిపి చూశారు కాబట్టే అన్నారేమో.

హిందుస్తాన్‌కు ఆమె ఎప్పుడూ రాలేదు. కానీ ఇక్కడి బ్యారక్స్ నీళ్ల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కరువు దాకా దశాబ్దాలు రాస్తూనే ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కాలువల వాదనకు లండన్‌లో గట్టిగా మద్దతిచ్చినవాళ్లలో ఆమె ఒకరు.

1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో సమాధి చేస్తామని ప్రభుత్వం అంటే కుటుంబం వద్దంది. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో కుటుంబ సమాధిలోనే ఉంచారు. ఆమె కోసం రాతి మీద చెక్కింది రెండు పొడి అక్షరాలు, రెండు తేదీలు.